ఎండకు పుట్టే కాలుష్యం: నేలమట్టపు ఓజోన్ ఊపిరితిత్తులను ఏం చేస్తుంది?

క్లుప్తంగా: నేలమట్టపు ఓజోన్ ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు. వాహనాలు, పరిశ్రమలు వదిలే వాయువులు ఎండలో చర్య జరిపితే పుడుతుంది. నీటిలో అంతగా కరగదు కాబట్టి ముక్కు, గొంతు దాటి ఊపిరితిత్తుల లోతు వరకూ చేరుతుంది. అక్కడ ఒకపక్క నరాలను రేపి ఊపిరిని కుదిస్తుంది, మరోపక్క శ్వాసనాళాల లోపలి పొరలో వాపు తెస్తుంది. మొదటిది మనిషికి తెలుస్తుంది, గంటల్లో తగ్గుతుంది. రెండోది చాలావరకు తెలియకుండానే సాగుతుంది. దుమ్మును దృష్టిలో పెట్టుకుని రూపొందించిన చర్యలు ఈ వాయువును పూర్తిగా అదుపు చేయలేవు, కొన్నిసార్లు పెంచుతాయి కూడా.

వేసవి మధ్యాహ్నం ఆకాశం తేటగా ఉంటుంది. పొగమంచు లేదు, దుమ్ము తెర లేదు. అయినా ఫోనులో గాలి నాణ్యత సూచీ తెరిస్తే ప్రధాన కాలుష్యకారకం దగ్గర పీఎం 2.5 (సన్నని ధూళి)కు బదులు ‘ఓ3’, అంటే ఓజోన్ అని కనిపిస్తుంటుంది. చాలామందికి అనుమానం వచ్చేది ఇక్కడే. ఓజోన్ అంటే అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే పొర అని బడిలో చదువుకున్నాం కదా, అది కాలుష్యం ఎలా అయింది?

రెండు చోట్లా ఉన్నది ఒకే పదార్థం: మూడు ఆక్సిజన్ పరమాణువుల అణువు. పైన స్ట్రాటోస్ఫియర్‌లో, సుమారు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఓజోన్‌ను ఎవరూ పీల్చరు కాబట్టి అది మేలే చేస్తుంది. ఆ మూడో పరమాణువును వదిలించుకోవాలనే తొందర దాని స్వభావం. ఎదురుపడిన ప్రతిదానితోనూ చర్య జరుపుతుంది. మనం పీల్చే గాలిలో దానికి ఎదురుపడేది శ్వాసనాళపు లోపలి పొర. పై పొరకు పడిన చిల్లుకూ ఈ సమస్యకూ సంబంధం లేదు. కింద ఉన్నది పైకి పోయి ఆ చిల్లును పూడ్చదు.

లాస్ ఏంజెలెస్‌లో పగిలిన రబ్బరు

ఈ వాయువును కాలుష్యంగా గుర్తించిన కథ అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో మొదలవుతుంది. 1943 జులైలో ఆ నగరాన్ని కళ్లు మండించే పొగ కమ్మేసింది. నగరం నడిబొడ్డున కృత్రిమ రబ్బరు కోసం బ్యూటాడైన్ తయారుచేస్తున్న కర్మాగారంపై నింద పడింది. దాన్ని మూయించారు. పొగ మాత్రం పోలేదు. కంటికి కనిపించే పొగగొట్టం మీద నేరం మోపడం తేలిక, కానీ ఈ కాలుష్యానికి పొగగొట్టమే లేదు.

అసలు విషయం పట్టుకున్నది కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న డచ్ మూలాల జీవరసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్. అప్పటికి ఆయన పని అనాసపండు వాసనలోని రసాయనాలను వేరుచేయడం. అదే పద్ధతిలో నగరపు గాలిని పరీక్షించి, 1950ల తొలి సంవత్సరాల్లో గుట్టు విప్పారు. పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ డయాక్సైడ్ కలిపి వెలుతురులో ఉంచితే ఓజోన్ తయారైంది. ఆ ఊళ్లో టైర్లు, రబ్బరు వస్తువులు మిగతా చోట్లకన్నా త్వరగా పగుళ్లిస్తుండటానికి కారణం కూడా అదే. వంచి పెట్టిన రబ్బరు ముక్క ఎంతసేపటికి పగులుతుందో చూసి గాలిలో ఓజోన్ ఎంతుందో అంచనా కట్టేవారు. రబ్బరులో ఓజోన్ తెంచేది కార్బన్ పరమాణువుల మధ్య ఉండే జంట బంధాలను. ఊపిరితిత్తుల పైపూతలోని కొవ్వు ఆమ్లాల్లోనూ అలాంటి బంధాలే ఉంటాయి.

తయారీ క్రమం ఇలా సాగుతుంది. ఇంజన్లు, థర్మల్ కేంద్రాలు, డీజిల్ జనరేటర్ల నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. ఎండ తగిలి నైట్రోజన్ డయాక్సైడ్ విడిపోతే ఒక ఆక్సిజన్ పరమాణువు బయటపడి, గాలిలోని ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్ అవుతుంది. మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌ను తిరిగి మింగేస్తుంది. ఇంతవరకే అయితే లెక్క సరిపోయేది, ఓజోన్ పేరుకునేది కాదు. కానీ పెట్రోలు బంకులు, రంగులు, థిన్నర్లు, మందుల కర్మాగారాల ద్రావకాలు, చెత్త తగలబెట్టడం, ఆఖరికి చెట్లు కూడా వదిలే కర్బన ఆవిర్లు మధ్యలో దూరతాయి. ఓజోన్ ఖర్చు కాకుండానే అవి నైట్రిక్ ఆక్సైడ్‌ను మళ్లీ డయాక్సైడ్‌గా మార్చేస్తాయి. మింగేది తగ్గి, పుట్టేది పెరుగుతుంది.

అందుకే ఓజోన్ సూర్యుడి వేళలు పాటిస్తుంది. ఉదయం తక్కువ, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య గరిష్ఠం, రాత్రి మళ్లీ తక్కువ. ఎండ, వేడి, గాలి కదలకపోవడం మూడూ కలిస్తే మరీ ఎక్కువ. ఉత్తర భారతంలో శీతకాలం దుమ్ముకు, పొగకు పేరుమోస్తే, ఓజోన్ ఎక్కువగా మార్చి నుంచి మే వరకు విజృంభిస్తుంది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ పరిశోధకుల కొలతల్లోనూ వేసవిలో హెచ్చు, వానకాలంలో తగ్గుదల కనిపించాయి. వానకాలంలో మబ్బులు ఎండను ఆపుతాయి, సముద్రపు గాలి కొత్త గాలిని తెస్తుంది.

ఊపిరితిత్తుల లోపల

సల్ఫర్ డయాక్సైడ్ లాంటి వాయువు నీటిలో బాగా కరుగుతుంది. అందుకే దానిలో ఎక్కువ భాగం ముక్కు తేమలోనే ఆగిపోతుంది. ఓజోన్ అలా ఆగదు. చిన్న శ్వాసనాళాలు ముగిసి గాలి గదులు మొదలయ్యే చోటు దాకా వెళ్తుంది. నోటితో ఊపిరి తీసుకుంటే, అంటే పరుగెత్తేటప్పుడో బరువు మోసేటప్పుడో, ముక్కు ఇచ్చే కాస్త రక్షణా ఉండదు.

శ్వాసనాళాల మీద పలుచని ద్రవపు పూత ఉంటుంది. అందులోని విటమిన్ సి, యూరిక్ ఆమ్లం, గ్లూటాథయాన్ ఓజోన్‌తో ముందుగా తలపడతాయి. వాటి బలం చాలనప్పుడు ఓజోన్ కొవ్వు ఆమ్లాలను ఛేదిస్తుంది. ఆల్డిహైడ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. కణాలను నిజానికి దెబ్బతీసేవి ఎక్కువగా ఈ రెండో తరం పదార్థాలే. ఓజోన్ అణువు కణం లోపలికి వెళ్లేదాకా బతకదు.

ఇక్కడి నుంచి ప్రభావం రెండు దారులు పడుతుంది. మొదటిది నరాల దారి. శ్వాసనాళాల గోడల్లో నొప్పిని, మంటను పసిగట్టే సన్నని నరాలు ఉంటాయి. అవి రేగితే దగ్గు వస్తుంది, ఛాతీలో పట్టేసినట్టు ఉంటుంది, గాలిని గుండెల నిండా పీల్చుకోబోతే నొప్పి అడ్డుపడుతుంది. ఊపిరితిత్తుల పరీక్షలో ఒక సెకనులో వదలగలిగే గాలి పరిమాణం పడిపోతుంది. ఆసక్తి కలిగించే విషయం ఏమిటంటే, ఆ సమయంలో నాళాలు పెద్దగా ముడుచుకోవు. మెదడే పూర్తి ఊపిరిని తీయనివ్వదు. 1998లో వెలువడిన ఒక ప్రయోగంలో ఓజోన్ పీల్చి ఊపిరి బాగా తగ్గినవారికి సుఫెంటానిల్ అనే నొప్పి నివారిణి ఇస్తే, తగ్గిన ఊపిరి చాలావరకు వెంటనే తిరిగొచ్చింది. ఊపిరితిత్తి గట్టిపడి ఉంటే నొప్పి మందుతో తేరుకునేది కాదు.

రెండోది వాపు దారి. దెబ్బతిన్న పొర సంకేతాలు పంపితే రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు శ్వాసనాళాల్లోకి చేరతాయి. పొర బిగువు సడలి, పుప్పొడి లాంటి అలెర్జీ పదార్థాలు లోపలికి దిగడం సులువవుతుంది. నాళాలు చల్లగాలికో, పొగకో, పుప్పొడికో మామూలుకన్నా ఎక్కువగా ఉలిక్కిపడతాయి. ఈ రెండు దారులూ వేర్వేరు అనడానికి మంచి ఆధారం ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్రతో చేసిన ప్రయోగం. ముందుగా ఆ మాత్ర వేసుకున్నవారిలో ఊపిరి పడిపోవడం తగ్గింది. న్యూట్రోఫిల్ కణాల రాక మాత్రం తగ్గలేదు. కాబట్టి ‘నాకేమీ ఇబ్బందిగా లేదు’ అన్న మాటను బట్టి లోపల వాపు లేదని చెప్పలేం.

అలవాటు పడటం అనే అంశం మరీ తికమక పెడుతుంది. వరుసగా కొన్ని రోజులు ఓజోన్ పీల్పిస్తే రెండో రోజు ఇబ్బంది తరచూ ముదురుతుంది. మూడు నాలుగు రోజులకు ఊపిరి పరీక్ష ఫలితాలు మామూలుకు దగ్గరవుతాయి. దగ్గూ సద్దుమణుగుతుంది. కానీ ఊపిరితిత్తులను కడిగి చూసినా, చిన్న ముక్క తీసి పరీక్షించినా కణాల నష్టానికి, వాపుకు సంబంధించిన కొన్ని గుర్తులు అలాగే కనిపించాయి. శరీరం అలవాటు చేసుకున్నది ఫిర్యాదు చేయడం మానుకోవడాన్నే. ‘మొదట్లో దగ్గు వచ్చేది, ఇప్పుడు పర్వాలేదు’ అనే ట్రాఫిక్ విధుల సిబ్బంది, రోడ్డు పనివాళ్ల విషయంలో ఈ తేడా గుర్తుంచుకోవాల్సినది.

గాలిలో ఎంతుంది, లోపలికి ఎంత వెళ్లింది

కాలుష్యం గురించిన చర్చ గాలిలో ఎంత ఉందన్న అంకె దగ్గరే ఆగిపోతుంటుంది. ఊపిరితిత్తికి లెక్క వేరు: గాలిలో ఉన్న మోతాదు, నిమిషానికి పీల్చే గాలి, బయట గడిపిన సమయం, మూడింటి గుణకారం. కుదురుగా కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలిస్తే, కష్టమైన పనిలో అది నలభై లీటర్లు దాటుతుంది. ఒకే వీధిలో, ఒకే గంటలో నీడపట్టున కూర్చున్న దుకాణదారుకూ, ఇటుకలు మోస్తున్న కూలీకీ చేరే ఓజోన్‌లో ఐదారు రెట్ల తేడా ఉండగలదు. అమెరికాలో ప్రమాణాలకు ఆధారమైన, ఓజోన్ నింపిన గదుల్లో జరిపిన ప్రయోగాలు కూడా దీన్ని దృష్టిలో పెట్టుకునే సాగాయి. ఆరోగ్యవంతులైన యువతీయువకులతో దాదాపు ఆరున్నర గంటలపాటు, మధ్యమధ్య విరామాలతో వ్యాయామం చేయించి చూశారు. వంద కోట్ల వంతుల గాలిలో 60 వంతుల ఓజోన్ ఉన్నప్పుడు కూడా సగటున స్వల్పంగా, కొందరిలో పదిశాతానికి పైగా ఊపిరి తగ్గింది.

మనుషుల మధ్య తేడా ఇంతగా ఉండటం ఓజోన్ ప్రత్యేకత. ఒకే గదిలో ఒకరికి ఏమీ కాదు, పక్కవారికి ఊపిరి ఆడదు. వయసు పెరిగేకొద్దీ ఊపిరి పరీక్షలో కనిపించే తగ్గుదల తగ్గుతుంది. అలాగని వృద్ధులు సురక్షితమని కాదు. అప్పటికే దీర్ఘకాల శ్వాస జబ్బు ఉన్నవారికి ఉన్న ఊపిరే తక్కువ, అందులో కొంచెం పోయినా ఆస్పత్రి దారి పట్టాల్సి వస్తుంది. ఉబ్బసం ఉన్నవారిలో వాపు దారి బలంగా ఉంటుంది. ఓజోన్ పెరిగిన రోజుల్లో ఇన్‌హేలర్ వాడకం, అత్యవసర విభాగానికి వచ్చే ఉబ్బసం కేసులు పెరగడం అనేక దేశాల్లో నమోదైంది.

పిల్లల సంగతి వేరుగా చెప్పుకోవాలి. శరీర బరువుతో పోలిస్తే వారు పీల్చే గాలి ఎక్కువ, ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతుంటాయి, ఆరుబయట పరుగులు పెడతారు. దక్షిణ కాలిఫోర్నియాలో 12 ఊళ్లకు చెందిన, అప్పటికి ఉబ్బసం లేని సుమారు 3,500 మంది పిల్లలను కొన్నేళ్లపాటు గమనించిన అధ్యయనం 2002లో వెలువడింది. ఓజోన్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో మూడు, అంతకన్నా ఎక్కువ ఆటలు ఆడే పిల్లలకు కొత్తగా ఉబ్బసం వచ్చే అవకాశం ఏ ఆటా ఆడనివారికన్నా 3.3 రెట్లు కనిపించింది. ఓజోన్ తక్కువగా ఉన్న ఊళ్లలో ఆటలకు అలాంటి ప్రభావం లేదు. అన్ని ఆటలు ఆడే పిల్లల సంఖ్య తక్కువ కాబట్టి ఆ రెట్లను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. తేడా ఎటు ఉందన్నదే ముఖ్యం.

ఏళ్ల తరబడి పీలిస్తే

ఒక్కరోజు ప్రభావాన్ని గదిలో పరీక్షించవచ్చు. ఇరవై ఏళ్ల ప్రభావాన్ని అలా పరీక్షించలేరు, అందువల్ల పెద్ద జనసమూహాల లెక్కలే దిక్కు. అమెరికాలోని 96 నగర ప్రాంతాల్లో దాదాపు నాలుగున్నర లక్షల మందిని 18 ఏళ్లపాటు అనుసరించిన అధ్యయనం 2009లో వచ్చింది. సన్నని ధూళి ప్రభావాన్ని వేరుచేసిన తర్వాత కూడా, ఓజోన్ వంద కోట్ల వంతుల్లో పది వంతుల మేర పెరిగిన చోట శ్వాస జబ్బుల మరణాల ముప్పు సుమారు 4 శాతం పెరిగింది. 2019లో మరో అధ్యయనం ఆరు అమెరికా నగర ప్రాంతాలవారి సీటీ స్కాన్లను పదేళ్ల వ్యవధిలో పోల్చింది. ఓజోన్ వంద కోట్ల వంతుల్లో మూడు వంతుల మేర ఎక్కువ ఉన్నచోట గాలి గదులు పాడయ్యే ఎంఫసీమా పెరుగుదల, రోజుకో ప్యాకెట్ చొప్పున 29 ఏళ్లు సిగరెట్ తాగినవారిలో కనిపించే అదనపు పెరుగుదలతో సమానంగా ఉంది. ఈ పోలిక స్కాన్‌లో కనిపించే ఒక్క మార్పుకే వర్తిస్తుంది. గాలి పీల్చడం సిగరెట్ తాగడంతో సమానమని దీనికి అర్థం కాదు, వార్తల శీర్షికలు అలాగే రాసినా.

అట్లాంటా ఒలింపిక్స్ ఉదంతం మరింత జాగ్రత్త నేర్పుతుంది. 1996 క్రీడల 17 రోజుల్లో నగరంలో వాహనాలు తగ్గించారు. ఓజోన్ గరిష్ఠ స్థాయి సుమారు 28 శాతం తగ్గిందనీ, ఒక ప్రభుత్వ బీమా పథకం రికార్డుల్లో పిల్లల ఉబ్బసం అత్యవసర కేసులు 40 శాతానికి పైగా తగ్గాయనీ 2001లో వచ్చిన పరిశోధన ఎంతో పేరు తెచ్చుకుంది. కొన్నేళ్ల తర్వాత మరో బృందం మళ్లీ తవ్వింది. ఆ రోజుల్లో అట్లాంటాలోనే కాదు, ఆగ్నేయ అమెరికా అంతటా ఓజోన్ తగ్గింది, అంటే వాతావరణం పాత్ర పెద్దది. ఆస్పత్రి కేసుల తగ్గుదలకూ బలమైన ఆధారం దొరకలేదు. ఓజోన్ హాని చేయదని దీని అర్థం కాదు. రెండు వారాల ట్రాఫిక్ ఆంక్షలతో ఓజోన్ లొంగుతుందన్న ఆశే వీగిపోయింది.

భారత్‌కు సంబంధించిన అంకెలనూ ఇదే కంటితో చూడాలి. 2021లో ప్రపంచవ్యాప్తంగా ఓజోన్ వల్ల సుమారు 4.9 లక్షల సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాల శ్వాస జబ్బు) మరణాలు సంభవించాయనీ, అందులో దాదాపు సగం భారత్‌లోనేననీ ‘స్టేట్ ఆఫ్ గ్లోబల్ ఎయిర్’ నివేదిక అంచనా వేసింది. ఇవి లెక్కించిన మరణాలు కావు, నమూనాలతో వేసిన అంచనాలు. వాటి వెనకున్న ముప్పు రేట్లు ప్రధానంగా పశ్చిమ దేశాల అధ్యయనాలవి. వంటచెరకు పొగ, బీడీ, పొలం దుమ్ము కలగలిసిన మన ఊపిరితిత్తుల్లో ఆ రేట్లు ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు.

పొగ తగ్గిస్తే ఓజోన్ ఎందుకు పెరుగుతుంది

దుమ్ము విషయంలో లెక్క సూటిగా ఉంటుంది: పుట్టుక సగం తగ్గితే గాలిలోనూ దాదాపు అదే దామాషాలో తగ్గుతుంది. ఓజోన్ అలా కాదు. వాహనాల రద్దీ విపరీతంగా ఉన్న నగరం నడిమధ్యలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంత ఎక్కువంటే, అది పుట్టిన ఓజోన్‌ను అక్కడికక్కడే మింగేస్తుంటుంది. అక్కడ నైట్రోజన్ ఆక్సైడ్లను మాత్రమే కొంత తగ్గిస్తే మింగేది పోయి ఓజోన్ పెరుగుతుంది. 2020 లాక్‌డౌన్ కాలంలో వూహాన్‌లోనూ, రోమ్, వాలెన్సియా లాంటి దక్షిణ యూరప్ నగరాల్లోనూ నైట్రోజన్ డయాక్సైడ్ పడిపోయి ఓజోన్ పెరిగింది. భారత నగరాల్లోనూ రోడ్లు ఖాళీ అయినంతగా ఓజోన్ తగ్గలేదు. అలాంటి చోట కర్బన ఆవిర్లను ముందు పట్టుకోవాలి. ఊరి వెలుపల, చెట్ల ఆవిర్లు సమృద్ధిగా ఉన్న పల్లెల్లో ఇది తారుమారవుతుంది, అక్కడ నైట్రోజన్ ఆక్సైడ్లే కీలకం.

చైనా అనుభవం ఇంకో మడత విప్పింది. 2013 తర్వాత ఆ దేశం సన్నని ధూళిని గణనీయంగా తగ్గించింది. అదే కాలంలో తూర్పు చైనాలో వేసవి ఓజోన్ పెరిగింది. ఓజోన్ తయారీకి తోడ్పడే రాడికల్స్ అనే అతి చురుకైన అణుశకలాలను ధూళి కణాలు పీల్చుకునేవనీ, కణాలు తగ్గాక ఆ అడ్డు తొలగిందనీ ఒక ప్రముఖ వివరణ. ధూళిని తగ్గించకూడదని కాదు, దాని ప్రాణహాని ఓజోన్‌కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రెండింటికీ ఒకే ప్రణాళిక చాలదని మాత్రం తేలింది. 2019లో మొదలైన మన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం లక్ష్యాలు ధూళి కణాలకు సంబంధించినవే. రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్లు చిమ్మే బండ్లు ఓజోన్ మీద పనిచేయవు. పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి చోట్ల ద్రావకాల ఆవిర్లు ఆపడం, పెట్రోలు బంకుల్లో ఆవిరిని తిరిగి పట్టే ఏర్పాట్లు, చెత్తకు నిప్పు పెట్టకపోవడం పనిచేస్తాయి. వీటికి ఫొటోలు బాగా రావు, అందుకేనేమో ప్రచారమూ తక్కువ.

ప్రమాణాలు, కొలతలు

కాగితం మీద మన ప్రమాణం కఠినమైనదే. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం ఓజోన్ ఎనిమిది గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, గంట సగటు 180 మైక్రోగ్రాములు మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎనిమిది గంటల పరిమితీ 100 మైక్రోగ్రాములే. యూరప్ లక్ష్యం 120. అమెరికాది 2015 నుంచి వంద కోట్ల వంతుల్లో 70, అంటే సుమారు 137 మైక్రోగ్రాములు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓజోన్ ఎక్కువగా ఉండే ఆరు నెలల సగటుకు 60 మైక్రోగ్రాముల మార్గదర్శకాన్ని అదనంగా చేర్చింది. దీర్ఘకాల హానిపై ఆధారాలు బలపడటమే అందుకు కారణం. అలాంటి రుతు ప్రమాణం మనకు లేదు.

సూచీ పనితీరులోనూ ఒక చిక్కుంది. మన గాలి నాణ్యత సూచీ కాలుష్యకారకాలన్నిటికీ విడివిడిగా మార్కులు వేసి, అన్నిటికన్నా చెడ్డదాన్నే నగరపు అంకెగా చూపుతుంది. ధూళి 110 దగ్గర, ఓజోన్ 105 దగ్గర ఉంటే కనిపించేది 110 ఒక్కటే. రెండూ కలిసి పీల్చిన ఊపిరితిత్తి సంగతి ఆ అంకెలో ఉండదు. కొలిచే కేంద్రాలు ఎక్కువగా నగరాల్లో ఉన్నాయి. ఓజోన్ మాత్రం నగరం వదిలిన వాయువులు గాలివాటున కొట్టుకుపోయే దారిలో, శివార్లలో, పొలాల మీద తరచూ ఎక్కువగా పుడుతుంది. వేసవి ఉపాధి పనుల్లో ఉన్నవారు పీల్చే గాలికి కొలతే లేని ఊళ్లు అనేకం.

జాగ్రత్తల విషయంలో ధూళికి చెప్పే సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. ఎన్95 మాస్కు కణాలను ఆపుతుంది, వాయువును ఆపదు. ఇంట్లో గాలి శుద్ధి యంత్రంలోని హెపా ఫిల్టరుదీ అదే పరిస్థితి, యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉంటే కొంత మేలు. ఓజోన్‌ను వదిలి గాలిని శుభ్రం చేస్తామనే యంత్రాలైతే శ్వాస జబ్బులున్న ఇంట్లో అసలు ఉండకూడదు. మరోవైపు ఓజోన్‌కు ఒక బలహీనత ఉంది: గోడలు, తెరలు, బట్టలు తాకగానే నశిస్తుంది. అందుకే తలుపులు, కిటికీలు మూసిన గదిలో బయటికన్నా చాలా తక్కువగా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంటిపట్టున ఉండటం ఏ మాస్కుకన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఉబ్బసం ఉన్నవారు వైద్యులు రాసిన నివారక ఇన్‌హేలర్‌ను వేసవిలో మానకపోవడం అంతే అవసరం.

తెలుగు రాష్ట్రాల్లో మార్చి నడిమి నుంచి నడిచే ఒంటిపూట బడులు వడదెబ్బ కోసం పెట్టినవే అయినా, పిల్లలను ఓజోన్ వేళల్లో మైదానాలకు దూరంగా ఉంచుతున్నాయి. వేసవి క్రీడా శిబిరాలు ఉదయం పూట జరిగితే ఆ లాభం నిలుస్తుంది. సాయంత్రం నాలుగింటికే మొదలుపెడితే, ఎండ చల్లబడినట్టు అనిపించినా ఓజోన్ ఇంకా పూర్తిగా దిగిరాని సమయంలోనే పిల్లలను పరుగెత్తించినట్టవుతుంది. భవన నిర్మాణ కూలీలకు, సరుకులు ఇళ్లకు చేర్చే యువకులకు ఎండ హెచ్చరికల్లో సూచించే మధ్యాహ్న విరామం కాగితం దాటి అమలైతే, వేడి నుంచీ ఓజోన్ నుంచీ ఒకేసారి రక్షణ దొరుకుతుంది. ఆ హెచ్చరికలో ఉష్ణోగ్రత పక్కనే ఓజోన్ అంకెను కూడా ప్రకటించడానికి కొలిచే కేంద్రాలున్న నగరాల్లో కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు.